కాలువలో వదిలిన చేప వెనక్కు రాదు

తెనాలి: తొలకరి పడి కాలువలకు నీరు వదిలారంటే మన ప్రాంతానికి రెండు వస్తాయి. ఒకటి నారుమళ్ల పని. రెండవది దోమ. దోమ వెనుకనే జ్వరాలు, జ్వరాల వెనుకనే "గంబూసియా చేపలు వదిలారు" అనే వార్త వస్తాయి. పెద్దలు, అధికారులు చెరువు గట్టున నిలబడి ప్లాస్టిక్ సంచిలోని చేపపిల్లలను నీళ్లలో పోస్తున్న ఫోటోలు పాఠకులు చూడనివి కావు. 2023లో మన రాష్ట్రంలో ఇలా కోటి దాకా చేపలను నీటి వనరులలో వదిలినట్లు వార్తలు వచ్చాయి.

ఆ ఫోటో చూసి సంతోషించని వారుండరు. మందు చల్లే పని లేదు, పొగ లేదు, వాసన లేదు. ఖర్చు స్వల్పం. చేప దోమపిల్లను తింటుంది, దోమ పుట్టదు, జ్వరం రాదు. వినడానికి ఇంత చక్కని ఏర్పాటు మరొకటి లేదు. అయితే సంచి ఖాళీ అయి, అందరూ ఇళ్లకు వెళ్లిన తరువాత ఆ చేప ఏం చేస్తుందో ఆలోచించేవారు తక్కువ. అది చేసే పని రెండే రెండు. తింటుంది, పిల్లలను పెడుతుంది. ఈ రెండవ పని గురించే ఈ నాలుగు మాటలు.

జాడీలో జరిగిన వింత

మా వీధిలో ఏడవ తరగతి చదివే కుర్రవాడొకడు వున్నాడు. క్రిందటేడు రంగు చేపలు అమ్మే దుకాణానికి వెళ్లి ఒక గప్పీ చేపను కొని తెచ్చుకున్నాడు. రంగురంగుల తోకలుండే మగచేపల ఖరీదు వాడి జేబుకు అందలేదు. అందుకని బూడిద రంగులో, పొట్ట కాస్త ఉబ్బెత్తుగా వున్న ఆడచేపను ఒక్కదానిని తెచ్చాడు. వాళ్ల నాయనమ్మ ఊరగాయ పెట్టుకునే పాత గాజు జాడీని కడిగి, అందులో నీళ్లు పోసి వదిలాడు.

పది రోజులు తిరగకుండానే ఒకనాటి ఉదయం పరుగెత్తుకుంటూ మా ఇంటికి వచ్చాడు.

"మాస్టారండీ, చేప పిల్లలు పెట్టిందండీ!"

"గుడ్లు కాదుట్రా?"

"కాదండీ, పిల్లలేనండీ. అప్పుడే ఈదేస్తున్నాయండీ. ఇరవై మూడు లెక్కపెట్టాను."

వెళ్లి చూశాను. వాడి మాట నిజమే. బియ్యపు గింజంత పిల్లలు జాడీ అంతా తిరుగుతున్నాయి. తల్లి వాటిని తినేస్తుందని చెప్పి, పిల్లలను వేరే బక్కెట్టులోకి మార్పించాను. జాడీలో తల్లి ఒంటరిగా మిగిలింది. సుమారు నెల రోజులు గడిచాయి. మళ్లీ కుర్రవాడు గుమ్మంలో నిలబడ్డాడు. ఈసారి వాడి ముఖంలో సంతోషం కన్న సందేహం ఎక్కువగా వున్నది.

"మళ్లీ పెట్టిందండీ. జాడీలో మగచేప లేదు కదండీ, ఎలా పెట్టిందండీ?"

వాడు అడిగిన ప్రశ్నే అసలు ప్రశ్న. దోమల కోసం మన చెరువులలో వదిలే గంబూసియా కూడా ఈ గప్పీకి దగ్గర చుట్టమే. రెండింటి సంసారమూ ఒక్క తీరు.

మామూలు చేపలలో ఆడది నీటిలో గుడ్లు వదిలితే మగది వాటిపై తన బీజాన్ని వదులుతుంది. అంతా నీటిలోనే జరిగిపోతుంది. గప్పీ, గంబూసియాల పద్ధతి వేరు. మగచేప పొట్ట క్రింది రెక్క ఒకటి సన్నని పుల్లలాగా సాగి వుంటుంది. దాని సాయంతో బీజం ఆడచేప శరీరంలోకే చేరుతుంది. గుడ్లు తల్లి కడుపులోనే పొదిగి, లోపలి సొనను తిని పెరుగుతాయి. మూడు నాలుగు వారాలకు పిల్లలు పుడతాయి. పుట్టిన నిముషం నుంచే ఈదడం, తినడం వాటికి వచ్చు. చూలుతో వున్న చేపను గుర్తు పట్టడం కూడా సులభం. పొట్ట చివర, తోక మొదలయ్యే చోట నల్లని మచ్చ కనబడుతుంది.

ఇక కుర్రవాడి ప్రశ్నకు సమాధానం. ఆడచేప ఒకసారి మగచేపతో కలిసిన తరువాత, ఆ బీజాన్ని తన శరీరంలో నెలల తరబడి దాచుకుంటుంది. రైతు గాదెలో విత్తనం దాచుకున్నట్లు దాచుకుని, గుడ్లు తయారైనప్పుడల్లా దానిని వాడుకుంటుంది. మగచేప మళ్లీ కనబడనక్కరలేదు. బ్రతికి వుండనక్కర కూడా లేదు. గప్పీల పుట్టిల్లయిన ట్రినిడాడ్ దీవిలోని వాగులను పరిశీలించిన శాస్త్రజ్ఞులు 2013లో ఒక విషయం వెల్లడించారు. మగచేప చనిపోయిన పది నెలలకు కూడా దాని పిల్లలు పుడుతూనే వున్నాయట.

అంటే మనం ఒక ఆడచేపను నీటిలో వదిలామంటే ఒక చేపను వదిలినట్లు కాదు. ఒక వంశాన్ని వదిలినట్లు. ఇది అలంకారంగా అన్న మాట కాదు. స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయం వారు, ట్రినిడాడ్‌లోని వెస్టిండీస్ విశ్వవిద్యాలయం వారు కలిసి దీనినే పరీక్షించి చూశారు. ఒక్కొక్క తొట్టెలో ఒక్కొక్క ఆడ గప్పీని మాత్రమే వదిలి, రెండేళ్లపాటు గమనించారు. నూటికి 86 తొట్టెలలో చేపల సంతతి నిలదొక్కుకున్నది. 2011లో ఈ ఫలితాలు ప్రచురితమయ్యాయి. ఒక్క చేప, తోడు లేని చేప, నూటికి 86 సార్లు గెలిచింది.

లక్ష గుడ్ల కన్న యాభై పిల్లలు మేలు

ఇక్కడ చేపల చెరువులు నడిపే వారికి ఒక సందేహం రావచ్చు. "బొచ్చె, శీలావతి లక్షల గుడ్లు పెడతాయి. ఇది పెట్టేది యాభై పిల్లలు. దీనికి భయపడడమేమిటి?" అని.

లక్షల గుడ్లు పెట్టే చేప ఏడాదికొకసారి, వరద నీరు వచ్చినప్పుడు పెడుతుంది. చెరువులో నిలవనీటిలో అది తనంతట తాను పెట్టనే పెట్టదు. అందుకనే హేచరీలలో సూది మందు ఇచ్చి పెట్టించవలసి వస్తున్నది. పెట్టిన గుడ్లలో చాలా భాగం పుట్టకముందే పోతాయి. గంబూసియా అట్లా కాదు. దాని పిల్ల గుడ్డు ప్రమాదాన్ని తల్లి కడుపులోనే దాటి, ఈత నేర్చి బయటకు వస్తుంది. వరద కోసం కాచుకోదు. నీరు వెచ్చగా వుంటే చాలు. తన స్వదేశమైన అమెరికా దక్షిణ రాష్ట్రాలలో చలికాలం వచ్చి దాని కాన్పులను కొంతకాలం ఆపుతుంది. మన డెల్టాలో నీటిని అంతగా చల్లబరచే చలికాలమే లేదు.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాము. ఒక ఆడచేప మొదటి కాన్పులో నలభై పిల్లలు పెట్టిందనుకుందాం. అందులో ముప్పై చచ్చినవనే అనుకుందాం. మిగిలిన పదిలో ఐదు ఆడవి. అవి ఎదిగి తల్లులు కావడానికి మూడు నెలలు పట్టినా, సంవత్సరానికి నాలుగు తరాలు. ఐదు, ఇరవై ఐదు, నూట ఇరవై ఐదు, ఆరు వందల ఇరవై ఐదు. ఇది ఒక్క తల్లి వంశంలో, ఒక్కొక్క చేప మొదటి కాన్పు మాత్రమే లెక్కవేస్తే వచ్చిన అంకె. తల్లి నెల నెలా పెట్టే తక్కిన కాన్పులను ఇందులో చేర్చనే లేదు. తిండీ చోటూ చాలక ఈ పెరుగుదల ఒక దశలో ఆగుతుంది. అయితే అది ఆగేసరికి ఆ చోటూ ఆ తిండీ ఎవరివన్నదే ప్రశ్న.

అవి మన చేపలవి. తలపై వెండి బొట్టు పెట్టినట్లు మెరిసే చిన్న చేపను పంట బోదెలలో చూడని వారు మన పల్లెలలో వుండరు. శాస్త్రజ్ఞులు దానిని పాంచాక్స్ అంటారు. అది రోజుకు కొద్ది గుడ్లు చొప్పున నీటి మొక్కలకు అంటించి పోతుంది. ఆ గుడ్లు పగలడానికి రెండు వారాలు పడుతుంది. ఆ రెండు వారాలూ వాటికి కాపలా లేదు. పరిగెలు కూడా అంతే, గుడ్లు వదిలి తమ దారిన పోతాయి. గంబూసియాకు దోమపిల్ల ఎంత ఇష్టమో ఈ గుడ్లు, పుట్టీ పుట్టని చేపపిల్లలు, తోక రాలని కప్పపిల్లలు కూడా అంతే ఇష్టం. దోమను తినమని మనం చెప్పి పంపాము కాని, దోమను మాత్రమే తినమని దానికి ఎవరూ చెప్పలేరు గదా! పెద్ద చేపల తోకలను, రెక్కలను కొరికే అలవాటు కూడా దీనికి వున్నది.

పరిగెలు పోతే ఏమవుతుందని తేలికగా అనవచ్చును. కాలువ కట్టిన రోజులలో బోదెకు అడ్డంగా మావు పెట్టి, పూటకు సరిపడా చిన్న చేపలు పట్టుకునే కూలి కుటుంబాలు రేపల్లె, బాపట్ల తాలూకా గ్రామాలలో నేటికీ వున్నాయి. చెరువు చేపను కొనలేని ఇంటికి పరిగెల పులుసే మాంసాహారం. గంబూసియా వేలెడు పొడవు కూడా వుండదు. కూరకు పనికిరాదు.

ఎక్కడి చేప, ఎక్కడికి వచ్చింది

గప్పీ 1908 ప్రాంతంలోను, గంబూసియా 1928లో ఇటలీ మీదుగాను మన దేశానికి వచ్చినట్లు నమోదయి వున్నది. ఆ రోజులలో మలేరియా లక్షల ప్రాణాలు తీస్తున్నది. డి.డి.టి. ఇంకా రాలేదు. అందుబాటులో వున్న ఆయుధాన్ని పట్టుకున్న నాటి వారిని తప్పు పట్టడం న్యాయం కాదు. ఈ చేప మేలు చేసిన చోట్లు వున్నాయి. కర్ణాటక గ్రామాలలో బావులలోను, కుంటలలోను ఈ చేపలను వదిలిన తరువాత మలేరియా తగ్గినట్లు నివేదికలు వచ్చాయి. అది కూడా చెప్పుకోవలసిందే.

అయితే ప్రపంచమంతా వచ్చిన అటువంటి నివేదికలను పోగు చేసి, వైద్య పరిశోధనలను తూచి చూసే కాక్రేన్ సంస్థ వారు 2013లోను, మళ్లీ 2017లోను పరిశీలించారు. కొన్ని నీళ్లలో దోమపిల్లల సంఖ్య తగ్గవచ్చును గాని, చేపలను వదలడం వలన మనుషులకు మలేరియా తగ్గుతుందని చెప్పడానికి నమ్మదగిన రుజువు లేదని తేల్చారు. మరోవైపున, ప్రపంచంలో అత్యంత హాని చేసే నూరు పరాయి జీవుల జాబితాలో గంబూసియా పేరు ఎక్కింది. ఆస్ట్రేలియాలో కొన్ని ఊట చెలమలలో మాత్రమే బ్రతికే ఒక చిన్న చేప జాతి దీని మూలంగా అంతరించే స్థితికి వచ్చింది. న్యూజీలాండులో దీనిని పెంచడం, వదలడం చట్టరీత్యా నేరం. మన దేశపు జాతీయ జీవవైవిధ్య సంస్థ కూడా దీనిని హానికర పరాయి జాతిగానే గుర్తించింది. 2025 ఆరంభంలో ఈ వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందుకు కూడా వచ్చింది.

ఒక శాఖ హానికరమని జాబితాలో వ్రాస్తుంటే మరొక శాఖ సంచులతో తెచ్చి నీళ్లలో పోయడం విడ్డూరం కాదా?

దోమ ఒక చోట, చేప మరొక చోట

అసలు మన ఊళ్లలో దోమలు ఎక్కడ పుడుతున్నవో ఒకసారి చూద్దాము. డెంగ్యూ తెచ్చే ఏడిస్ దోమ కాలువలో పుట్టదు, చెరువులో పుట్టదు. మేడమీది మూతలేని ట్యాంకులో, పెరటి గాబులో, పాత టైరులో, కొబ్బరి చిప్పలో, ఫ్రిజ్ వెనుక పళ్లెంలో పుడుతుంది. ఆ కొబ్బరి చిప్పలో చేపను ఎవరు వదలగలరు? బోదకాలు తెచ్చే క్యూలెక్స్ దోమ మురుగు గుంటలలో, పూడిపోయిన సైడు కాలువలలో పుడుతుంది. సబ్బు నీళ్లు, పెంటకుప్పల ఊట కలిసిన ఆ మురుగులో గంబూసియా సరిగా బ్రతకదు. గప్పీ కొంత తట్టుకుంటుంది. ప్లాస్టిక్ సంచులు, చెత్త అడ్డుపడి నీరు కదలని కాలువలో ఆ గప్పీ కూడా దోమపిల్లల దగ్గరకు చేరలేదు.

ఫోటోకు అనువైన చెరువు గట్టు వేరు, దోమ పుట్టే చోటు వేరు. చేపను మాత్రం గట్టు దగ్గరే వదులుతున్నాము.

అక్కడ వదిలినది అక్కడే వుంటుందా అంటే, మన నేల అటువంటిది కాదు. 1855లో బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి కృష్ణ పశ్చిమ డెల్టాలో ప్రతి నీటి చుక్కకూ మరొక చుక్కతో బంధుత్వం కలిసింది. కాలువ నుంచి బోదె, బోదె నుంచి చేను, చేను నుంచి మురుగు కాలువ, అక్కడినుంచి సముద్రం. తెనాలి ఊరి మధ్య నుంచి మూడు కాలువలు పారుతున్నాయి. కొమ్మమూరు కాలువ నీరు బాపట్ల వైపు పోతుంది. శివారు భూములకు నీరు అందలేదని రేపల్లె రైతులు ఏటా మొర పెట్టుకుంటారు. నీరు అందినా అందకపోయినా ఆ నీటిలోని చేప మాత్రం శివారుకు చేరుతుంది. గంబూసియా ఉప్పునీటిని కూడా చాలావరకు తట్టుకోగలదు కనుక నిజాంపట్నం ఉప్పుకయ్యల దాకా దానికి అడ్డు లేదు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు చేపలన్నీ చస్తాయని కొందరు అనవచ్చును. కాలువ అడుగున తూముల దగ్గర మిగిలిన గుంటలో చూలు చేప ఒక్కటి మిగిలితే చాలునని పైన చెప్పుకున్నాము.

పురుగు మందు చల్లితే దాని ప్రభావం కొన్నాళ్లకు తగ్గుతుంది. తప్పని తెలిస్తే మరుసటి ఏడాది మానేయవచ్చు. చేపను వదలడం మానినా, వదిలిన చేప మానదు. ఈ తేడాను మన అధికారులు గుర్తించవలసి వున్నది.

మన చేప మనకు లేదా?

దోమపిల్లను తినడానికి అమెరికా చేపే కావాలా? వెండి బొట్టు పాంచాక్స్ నోరు పైకి తిరిగి వుంటుంది. నీటి పైపొరలోనే తిరుగుతుంది. దోమపిల్ల ఊపిరి కోసం వచ్చేదీ ఆ పైపొరకే. ఈ చేప మంచినీటిలోను బ్రతుకుతుంది, ఉప్పు కలిసిన నీటిలోను బ్రతుకుతుంది. మన తీరానికి సరిగ్గా సరిపోయిన చేప. దానికి ఉన్న లోటు ఒక్కటే. గంబూసియాలాగా తొట్టెలో వదిలి మరచిపోతే తనంతట తాను వేలకు వేలు కాదు. నీటి మొక్కలు వుంచాలి, గుడ్లు అంటిన మొక్కలను వేరే తొట్టెలోకి మార్చాలి, రెండు వారాలు కాపాడాలి. గంబూసియా పెంపకం సులభం కనుకనే ఆరోగ్యశాఖ దానిని ఎంచుకున్నది. ఏ గుణం వలన అది పెంచడానికి సులభమో, ఆ గుణం వలననే అది కాలువలో ప్రమాదం.

చేయవలసినవి

ఈ సందర్భంలో సంబంధిత అధికారులకు, పుర ప్రజలకు కొన్ని విన్నపాలు.

మొదటిది: గంబూసియాను, గప్పీని వదలక తప్పని చోట, బయటకు దారి లేని నీటిలోనే వదలాలి. వాడకంలో లేని బావులు, ఫౌంటెన్ తొట్టెలు, ఇల్లు కట్టే చోట నీటి గాబులు ఇందుకు పనికి వస్తాయి. వాన కురిస్తే పొంగి కాలువలో కలిసే చోట వదలరాదు. కాలువలతోను, మురుగు డ్రెయిన్లతోను కలిసిన చెరువులలో వదలడం వెంటనే నిలిపివేయాలి.

రెండవది: బాపట్లలో 1945 నుంచి వ్యవసాయ కళాశాల వున్నది. తెనాలి, రేపల్లెలలో జంతుశాస్త్రం బోధించే కళాశాలలు వున్నాయి. మన చెరువులలో, బోదెలలో ఇప్పుడు ఏయే చేపలు వున్నాయో, గంబూసియా ఎంతవరకు పాకిందో విద్యార్థుల చేత లెక్క తీయించడానికి పెద్ద నిధులు అక్కరలేదు. ఒక వల, ఒక నోటు పుస్తకం చాలు. ఇప్పుడు తెనాలి గుంటూరు జిల్లాలోను, 2022 నుంచి బాపట్ల, రేపల్లెలు బాపట్ల జిల్లాలోను వున్నాయి. జిల్లాలు రెండయినా నీరు ఒకటే కనుక రెండు జిల్లాల యంత్రాంగం కలిసి ఈ పని చేయించాలి.

మూడవది: మత్స్యశాఖ వారు ఒకటి రెండు చోట్ల పాంచాక్స్ వంటి స్థానిక చేపలను పెంచి, ఆరోగ్యశాఖకు అందించే ప్రయత్నం చేయాలి.

నాలుగవది మనకే. దోమ గుడ్డు నుంచి దోమ కావడానికి ఎండకాలపు నీటిలో వారం పది రోజులు చాలు. అందుకనే శుక్రవారం శుక్రవారం నీటి పాత్రలు బోర్లించి ఆరబెట్టమని ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ చెప్పి వెళుతున్నారు. ఆ పని చేసిన ఇంట్లో చేప అవసరం లేదు. చేయని ఇంటిని ఏ చేపా కాపాడలేదు. సైడు కాలువలో చెత్త పోయకుండా వుంటే మునిసిపాలిటీకి పూడిక తీయడం సులభమవుతుంది. తీయకపోతే గట్టిగా అడగడానికి మనకూ నోరు వుంటుంది.

ఐదవది, రంగు చేపలు పెంచుకునే వారికి. గప్పీ, మోలీ, ప్లాటీ వంటి పిల్లలు పెట్టే చేపలు ఎక్కువైపోయినప్పుడు జాలిపడి కాలువలో వదలకండి. దుకాణానికి తిరిగి ఇవ్వండి, లేదా పెంచుకునే మరొకరికి ఇవ్వండి.

చివరకు మా వీధి కుర్రవాడి సంగతి చెప్పి ముగిస్తాను. రెండు కాన్పుల పిల్లలతో వాడి బక్కెట్టు నిండిపోయింది. వాళ్ల అమ్మ కేకలు వేస్తున్నది. బక్కెట్టు మోసుకుని వచ్చి, "కాలువలో వదిలేయమంటారాండీ? దోమలను తింటాయి కదండీ" అన్నాడు. వాడికి ఈ కథంతా చెప్పాను. కొంచెంసేపు ఆలోచించి, "అయితే వద్దులెండి. మళ్లీ పట్టుకోవాలంటే మన వల్ల కాదు" అని బక్కెట్టును దుకాణానికి మోసుకుపోయాడు.

పన్నెండేళ్ల కుర్రవాడికి అర్థమైన సంగతి పెద్దలకు అర్థం కాకపోదు. వచ్చే తొలకరికి చెరువు గట్టున మళ్లీ సంచి విప్పబోయే ముందు, ఆ నీరు ఎక్కడికి పోతుందో ఒక్కసారి చూడవలసిందిగా అధికారులను కోరుతున్నాము.